మా అమ్మాయి చేతికి కెమెరా ఇచ్చాక

మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి ఏడో తరగతి. ఫోన్‌లో ఫోటోలు తెగ తీసేది, ఒక్కటీ మళ్లీ చూసేది కాదు. అసలైన కెమెరా కొందామంటే మా అమ్మ, "పిల్లదాని చేతికి అంత ఖరీదైన వస్తువేంట్రా" అంది. అందుకే పాతది వెతికాను.

రాజమండ్రిలో సెకండ్ హ్యాండ్ నికాన్ డి3300 దొరికింది, 18-55 ఎంఎం జూమ్ లెన్స్‌తో. 2014లో వచ్చిన మోడలే అయినా నేర్చుకోడానికి ఢోకా లేదు. దాంతో తీసిన ఫోటోని కంప్యూటర్లో తెరిచి షట్టర్ (ఫోటో తీసినప్పుడల్లా తెరిచి మూసుకునే తెర) ఎన్నిసార్లు పడిందో చూశాను, ఎంత వాడారో తెలుస్తుందని. లెన్స్‌లోకి టార్చి వేసి బూజుందేమో చూశాను. మన వైపు తేమకి లెన్స్ లోపల బూజు ఇట్టే పడుతుంది. ఇప్పుడు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, అందులోనే ఉంచుతున్నాం.

అన్నీ కెమెరానే చూసుకునే ఆటో మోడ్‌లో పెట్టి ఇచ్చేస్తే అది బరువైన ఫోనే. మీటలన్నీ ఒకేసారి చెబితే పిల్లకి టెన్షన్. అందుకని డయల్ 'ఎస్' మీద, అంటే షట్టర్ వేగం మనం ఎంచుకునే మోడ్‌లో పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలనేది) ఆటోకి వదిలేసి, "షట్టర్ వేగం ఒక్కటే నీది అమ్మలూ" అన్నాను. బయటికెళితే 36 ఫోటోలే, పాత రీలులో లాగా. ఇంటికొచ్చేదాకా డిలీట్ చేయకూడదు. ఈ షరతుకి బాగానే అలిగింది.

ఊడ్పుల ముందు దమ్ము చేసే ట్రాక్టర్ వెనక కొంగలు మూగుతాయి కదా, అక్కడే అసలు చదువు మొదలైంది. ట్రాక్టర్ వెనకుంటే వాటికి మనుషుల భయం ఉండదు, గట్టు మీద నిలబడితే ఈ లెన్స్ చాలు. "నాన్నా, రెక్కలు అలికేసినట్టు వచ్చాయేంటి?" అంది. షట్టర్ వేగం 1/60లో, అంటే సెకనులో అరవయ్యో వంతులో ఉంది. జవాబు చెప్పలేదు, చక్రం తిప్పి చూడమన్నాను. 1/1000కి వెళ్లేసరికి రెక్కలతో పాటు ఎగిరిన బురద చుక్కలు కూడా ఆగిపోయాయి. కానీ కొంగలు ఈకల జాడ లేకుండా తెల్లటి ముద్దల్లా వచ్చాయి. నల్లటి బురద చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది. దానికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా ఎంచుకున్న వెలుగుని మనం పెంచే, తగ్గించే మీట. దాన్ని మైనస్ 1కి పెట్టాలి. అవసరం తనదే కాబట్టి ఆ రెండో మీట ఒక్కసారి చెబితే పట్టేసింది.

సఖినేటిపల్లి రేవులో ఇంకో తమాషా. పొద్దు వాలాక పంటు (మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పడవ) మీద నిలబడి, నీళ్లు పొగలా రావాలని 1/10 పెట్టింది. ఇంజను అదురుకి మనుషులూ మోటార్ సైకిళ్లూ అన్నీ చెదిరిపోయాయి. దిగాక కెమెరాని గట్టు గోడకి ఆనించి తీసింది. మెట్లు కుదురుగా, వెళ్లే పంటు చారలా వచ్చింది.

కొబ్బరి ఒలుపు దగ్గర మాత్రం దూరం నుంచి దొంగచాటుగా తీయబోతే ఆపాను. అడిగి తీయమన్నాను. "మా మొహాలెందుకమ్మా, కాయలు తీసుకో" అన్నాడు కాయలు ఒలిచే ఆయన నవ్వుతూ. ఆ నవ్వే ఫోటో అయింది. స్టూడియోలో ప్రింటు వేయించి ఇచ్చొచ్చింది.

ఇప్పుడు దాని దృష్టి కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం మీద పడింది. ప్రభల్ని (భుజాల మీద మోసే దేవుళ్ల ఎత్తైన అలంకార చట్రాల్ని) కౌశిక కాలువ దాటించేటప్పుడు ఏ గట్టున నిలబడాలి, నీళ్లు పడకుండా కెమెరాకి ఏం తొడగాలి అని రోజూ ఒకటే గోల. గట్టు సంగతి నాన్నమ్మనడగమన్నాను.