విషాద గతం లేని మంత్రవేత్త: నా అనుభవం

ఒక్కొక్కరు ఒక్కో కల్పిత పాత్ర పోషించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కొత్త కథ మొదలుపెడుతున్నామని, ప్రతి ఒక్కరూ తమ పాత్ర గురించి ఒక పేజీ రాసుకు రావాలని కథను నడిపించే మా డంజన్ మాస్టర్ చెప్పినప్పుడు, నా పాత్రకు అమ్మానాన్నలు బతికే ఉండాలని, ఆమె పుట్టిన ఊరు పచ్చగా ఉండాలని ముందే నిశ్చయించుకున్నాను. అనాథల కథలనూ పగల కథలనూ నేను తక్కువ చేయను. కానీ గతంలో ఎంతటి దుఃఖం ఉన్నా, రేపు ఈ గుహలోకి ఎందుకు దిగాలన్న ప్రశ్నకు అది దానంతటదే జవాబు కాదు.

ఆ జవాబు నాకు ఆట నియమాల్లోనే దొరికింది. 2014 నాటి నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం, నా పాత్రలాంటి విజార్డ్ (మంత్రవేత్త) పుస్తకంలో మొదట ఉండేవి ఆరు మంత్రాలే. పాత్ర లెవెల్ (స్థాయి) పెరిగినప్పుడల్లా మరో రెండు చేరతాయి. అంతకు మించి కావాలంటే ఎక్కడో దొరికిన స్క్రోల్ (మంత్రం రాసిన చుట్ట) నుంచో, ఇంకొక విజార్డ్ పుస్తకం నుంచో ఎక్కించుకోవాలి, అందుకు మంత్రపు లెవెల్ ఒక్కింటికి రెండు గంటల సమయం, 50 బంగారు నాణేలు వెచ్చించాలి. చదువు మీద తీరని ఆశ ఉన్న మనిషిని పాడుబడిన కోటల వైపు నడిపించడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

ఆమెకు సేజ్ (పండితురాలు) అనే నేపథ్యం ఎంచుకున్నాను. దానితో వచ్చే సామగ్రిలో సిరాబుడ్డి, ఈక కలం, చిన్న చాకుతో పాటు, మరణించిన సహచరుడు రాసిన ఉత్తరం ఒకటి ఉంటుంది. అందులోని ప్రశ్నకు ఆమెకింకా జవాబు దొరకలేదు. ఆ మరణాన్ని హత్యగా మలచడం సులువే అయినా, నిండు వయసులో కన్నుమూసిన పండితుడిగానే రాశాను. జవాబు ఉండగల చోటు ఈ ఆటలోని కల్పిత లోకం ఫర్గాటెన్ రెల్మ్స్‌లోని క్యాండిల్‌కీప్ గ్రంథాలయం. అక్కడ లేని రచన ఒకటి సమర్పిస్తే తప్ప లోపలికి రానివ్వరు.

"ఇంట్లో అంత సుఖంగా ఉంటే, మొదటి దెబ్బ తగలగానే వెళ్లిపోదా?" అని డంజన్ మాస్టర్ అడిగారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న అదే. ఇల్లు ఇవ్వలేనిది ఏమిటో రాసి ఉంచాను గానీ, తోటివారితో కలిసి ఉండటానికి కారణం రాయలేదని అప్పుడు గుర్తించి, కత్తిసాము తెలిసిన మా జట్టు యోధురాలికి చదువు చెబుతానని నా పాత్ర మాట ఇచ్చినట్లు చేర్చాను.

ఆట మొదలయ్యాక, నీట మునిగిన నేలమాళిగలో దొరికిన మంత్రగ్రంథాన్ని మిగతావారు అమ్ముదామంటే, ఆమె తన వాటా బంగారమంతా వదులుకుని దాన్ని తీసుకుంది. క్యాండిల్‌కీప్‌లో అడుగుపెట్టిన తరువాత ఆమెను మళ్లీ దారి పట్టించేదేమిటో ఇప్పుడు రెండో పేజీలో రాస్తున్నాను.