దవడ లాగ్, ఆరో వారం: 34 దాటట్లేదు

బిగిసిన నోరు తెరుచుకోడానికి పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు పేరుస్తున్నా. రాత్రి పద్దెనిమిదో పుల్ల దిగింది. నోరు 36 మిల్లీమీటర్లు తెరుచుకుంది! పొద్దున్న కొలిస్తే 31. రెండు వారాల్లో ఇది మూడోసారి. 34 దాటించడం, తెల్లారేసరికి మొదటికి రావడం.

బాగున్నవి ముందు చెప్పేస్తా. పగలు పళ్లు బిగబట్టే అలవాటు గంటకో ఫోన్ అలారంతో చాలా తగ్గింది, కణతల నొప్పీ తగ్గింది. పళ్లు బిగబట్టకుండా నాలుక ఆనించే చోటుకి ఇంగ్లిష్ వీడియోల్లో 'ఎన్' అనమంటారు. మన 'న' అంటే నాలుక కొన పళ్లకి తగిలేస్తుంది. 'ల' అనండి, పళ్ల వెనక గట్టు మీద ఆగుతుంది. అదే సరైన చోటు.

ఇక 34 సంగతి. కొలత పై పంటి అంచు నుంచి కింది పంటి అంచుకి, ప్లాస్టిక్ వెర్నియర్‌తో. పై పళ్లు కింది వాటిని 3 మి.మీ. కప్పుతున్నాయి, కలిపితే 37. మామూలుగా 40 నుంచి 50 తెరుచుకోవాలి.

మొదటి అనుమానం పుల్లల మీదే. ఐస్‌క్రీం పుల్ల 2 మి.మీ. అని లెక్కేస్తాం గానీ ఉమ్మికి, ఈ కోనసీమ తేమకి ఉబ్బుతుంది. 17 పుల్లల కట్ట 35 చూపించింది. పుల్లలు లెక్కపెట్టకండి, కట్టని కొలవండి. అయినా ఒక్క మిల్లీమీటరు తేడాకి 31 రాదు.

రెండోది కండరం. తడి టవల్‌తో 15 నిమిషాలు కాపడం పెట్టి, బొటనవేలు పై పళ్లకి, చూపుడువేలు కింది పళ్లకి ఆనించి కత్తెరలా మెల్లగా తెరవాలి. బిగిసింది కండరమే అయితే మెత్తగా సాగి 5 మి.మీ. పైనే ఇస్తుంది. ఇక్కడ 36 దగ్గర గడియ పడ్డట్టు ఆగిపోయింది.

అప్పుడు అద్దానికి నల్ల దారం నిలువుగా అంటించి చూస్తే విషయం తేలింది. 25 దాకా కింది పళ్ల నడిమి గీత దారం మీదే ఉంది. 26 నుంచి ఎడమకి జరగడం మొదలై, 34 దగ్గర 3 మి.మీ. పక్కకి పోయింది, మళ్లీ మధ్యకి రాలేదు. దవడ తెరిచేటప్పుడు మొదటి సగంలో కీలు తల (కీలులో కూర్చునే దవడ ఎముక కొన) ఉన్నచోటే తిరుగుతుంది, తర్వాత ముందుకి జారాలి. కుడిది జారుతోంది, ఎడమది జారట్లేదు, అందుకే గడ్డం ఎడమకి పోతోంది. పక్కలకి కదిపితే ఎడమకి 9, కుడికి 5. పైగా నోరు తెరిస్తే కీలులో వచ్చే పాత 'టక్' శబ్దం పోయింది. దానికి సంబరపడకూడదు. కీలులోని బిళ్ల ముందుకి జారి అక్కడే ఇరుక్కున్నా శబ్దం పోతుంది. అన్నీ ఆ వైపే చూపిస్తున్నాయి, ఖాయం చేసేది ఎమ్మారై.

పుల్లలు ముందు పళ్ల దగ్గర తోస్తాయి. జారని కీలుని అలా తోస్తే లోపలి పొరలు నలిగి, దాన్ని కాచుకోడానికి కండరం రాత్రంతా బిగుస్తోందని నా ఊహ. పొద్దుటి 31 అక్కడిదే.

పళ్ల మధ్య పెట్టి తిప్పే హైస్టర్ మరతో నోరు సొంతంగా తెరవడం వద్దే వద్దు, బలమంతా ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది. చేత్తో నొక్కి దవడ తెరిచే థెరాబైట్ మంచి పరికరమే గానీ ఖరీదు, అదీ సాగదీసేదే, ఈ అడ్డానికి పనికిరాదు. వేడినీళ్లలో మెత్తబరిచి కరిచి, పళ్లకి తొడుక్కునే మెత్తటి గార్డులంటే నాకు నమ్మకం లేదు, కొందరు వాటిని ఇంకా గట్టిగా కొరుకుతారు. వక్క, గుట్కా నమిలేవాళ్లకి నోరు తెరుచుకోక, కారం తగిలితే మండుతుంటే అది కీలు జబ్బు కాకపోవచ్చు. పుల్లలు పట్టుకోకుండా ముందు పంటి డాక్టరుకి చూపించుకోవాలి.

రెండు వారాలు పుల్లలు పక్కన పెట్టేస్తున్నా. ఫిజియోథెరపిస్టు గ్లౌజు వేసుకుని బొటనవేలు ఎడమ కింది దంతాల మీద పెట్టి, దవడని కిందికి, ముందుకి లాగడం వారానికి రెండుసార్లు. ఇంట్లో సెంటీమీటరు మందం రబ్బరు గొట్టం ముందు పళ్ల మధ్య పెట్టుకుని, కొరక్కుండా, దవడని కుడికి జార్చడం. రొకబాడో అనే ఫిజియోథెరపిస్టు లెక్కే, ఆరేసి సార్లు, రోజుకి ఆరు విడతలు, నొప్పి పదికి మూడు దాటితే ఆపడం. తేగల కాలమే గానీ తేగలు, ఎండు కొబ్బరి, చెరకు బంద్. కొలత ఇకపై రోజూ సాయంత్రం ఆరింటికే, కాపడానికి ముందు. ముందుగా చూడాల్సింది కుడి పక్క 5, అది 7 అయితే తెరుపు దాని వెనకే వస్తుంది. కదలకపోతే ఎమ్మారైకే.