కిమకుర్వత సంజయ

మార్గశిర శుద్ధ ఏకాదశి నాడు హనుమకొండలోని మా వీధి గుడిలో గీతా పారాయణం చేస్తాం. మొదటి శ్లోకం అందరికీ కంఠస్థమే.

ధర్మక్షేత్రే కురుక్షేత్రే సమవేతా యుయుత్సవః
మామకాః పాండవాశ్చైవ కిమకుర్వత సంజయ

యుద్ధానికి చేరిన నావాళ్లూ పాండవులూ ఏం చేశారు సంజయా అని ధృతరాష్ట్రుడు అడుగుతున్నాడు. చాలా ఏళ్లు దీన్ని గడపలా దాటి అర్జునుడి దగ్గరికి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు ఇక్కడే ఆగిపోతున్నాను. అడుగుతున్నది యుద్ధాన్ని ఆపగల అధికారం ఉన్న మనిషి. అయిదు ఊళ్లు చాలని ధర్మరాజు కబురు పంపాడు, కృష్ణుడే వచ్చి సభలో అడిగాడు. కొడుకు కాదన్నాడు, సింహాసనం మీది తండ్రి ఆ మాటను సాగనిచ్చాడు. భీష్మపర్వంలో ఈ ప్రశ్న వచ్చేనాటికి పది రోజుల పోరు ముగిసి భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడు. అప్పుడు కూడా “వాళ్లేం చేశారు” అంటాడే గాని “నేనేం చేశాను” అనడు. విధి అంటాడు. సంజయుడు జంకడు. తప్పు నీదే రాజా, ఇతరుల మీద వేయకు అంటాడు. కొలువులో ఉన్నవాడు రాజు ముఖం మీద అన్న ఆ మాట నాకు గీతోపదేశానికి తీసిపోదనిపిస్తుంది.

మన మేడారం కథా ఇదే అడుగుతుంది. కరువులో కప్పం కట్టలేమన్న కోయ దొర పగిడిద్దరాజు మీదికి కాకతీయ ప్రతాపరుద్రుడు ఓరుగల్లు నుంచి సేనను పంపాడని చెప్పుకుంటాం. మళ్లీ వానలు పడేదాకా ఆగడం ఒక చక్రవర్తికి ఎంత పని! పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు నేలకొరిగారు. కొడుకు జంపన్న దూకిన సంపెంగ వాగు ఇవాళ అతని పేరుతోనే పారుతోంది. గాయపడిన పగిడిద్దరాజు భార్య సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది, కుంకుమ భరిణె దొరికింది.

రెండేళ్లకోసారి మాఘమాసంలో ఆ తల్లి గుట్ట దిగి గద్దెకు వస్తుంటే పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలుకుతారు. ఆ చప్పుడుకు నా ఒళ్లు జలదరిస్తుంది. నాడు ఏలికల ఆయుధం గురిపెట్టింది ఆమె మీదికే కదా.

మనకిప్పుడు రాజు లేడు. మంత్రివర్గం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని రాజ్యాంగం 75వ అధికరణం చెబుతోంది. ఆ లోక్‌సభను పంపింది మనమే. అయినా సరిహద్దులో కాల్పులనగానే టీవీ ముందు కూర్చుని “మనవాళ్లేం చేశారు” అని నేనూ అడిగాను.

ఈసారి పారాయణంలో ‘మామకాః’, అంటే ‘నావాళ్లు’, దగ్గర నా గొంతు ఆగిపోయింది. మరిచిపోయాననుకుని పక్కనున్న పెద్దాయన తన పుస్తకం నా వైపు జరిపి, ఆ పదం మీద వేలు పెట్టి చూపించారు.