స్టోర్ రూమ్‌లోని బీబీసీ మైక్రో మళ్లీ కూసింది

మన బడి కంప్యూటర్ ల్యాబ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది గుమ్మం బయట చెప్పుల గుట్ట. లోపల ఒక్కో మెషీను ముందు ముగ్గురేసి ఇరుక్కుని కూర్చుంటే, కీబోర్డు మాత్రం ఎప్పుడూ క్లాస్ ఫస్ట్ వాడి చేతిలోనే. 1984-85లో కేంద్రం 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టి బడులకు పంపిన బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటర్లు అవి. ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ తయారీ, మొత్తం మెమరీ 32 కేబీ. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు.

వాటిలో కొన్ని స్టోర్ రూమ్‌లో విరిగిన బెంచీల కింద ఇంకా ఉన్నాయని తెలిసినప్పుడు, ఈసారి పాత విద్యార్థులం కలిసేటప్పుడు ఒకటి ప్రదర్శనకు పెడదాం అన్నారు మనవాళ్లు. ఒకాయన ఉత్సాహంగా ప్లగ్గు కూడా పట్టుకున్నాడు. ఆగరా బాబూ అన్నాను. ఏళ్ల తరబడి మూలపడ్డ ఈ మెషీన్లకు సమస్య చిప్పులతో కాదు, ఎడమ పక్కనున్న పవర్ సప్లై డబ్బాతో. నేరుగా కరెంటిస్తే చాలాసార్లు స్క్రీన్ మామూలుగానే వెలుగుతుంది, బాగానే ఉందనుకుంటాం, ఇంతలో కీబోర్డు వెనక నుంచి గది నిండా తెల్లటి పొగ లేస్తుంది. ఆ కంపు రెండు మూడు రోజులైనా వదలదు.

కారణం రీఫా అనే పాతకాలపు ఫిల్టర్ కెపాసిటర్లు, అంటే చార్జి నిల్వ చేసుకునే చిన్న భాగాలు. మెషీను పుట్టించే నాయిస్ (విద్యుత్ అలజడి) కరెంటు లైన్లోకి పోకుండా లైనుకీ న్యూట్రల్‌కీ మధ్య వీటిని పెడతారు, సామర్థ్యం ఒకదానిది 0.1 మైక్రోఫారడ్, ఇంకోదానిది 0.01. లోపల లోహపు పూత పూసిన కాగితం చుట్ట, పైన పారదర్శకంగా కనిపించే పసుపు ఎపాక్సీ, అంటే గట్టిపడే రెసిన్ పూత. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఎపాక్సీ ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది, నెర్రెల్లోంచి తేమ కాగితానికి పడుతుంది, తేమ పట్టిన కాగితం మీద 230 వోల్టులు పడితే కాలి పేలుతుంది. మన స్టోర్ రూమ్‌లో ఎన్ని వానాకాలాలు కురిశాయో మీకే తెలుసు. పేలినా మెషీను నడుస్తూనే ఉండొచ్చు, ఎందుకంటే ఫిల్టర్ లేకపోయినా సప్లై పనిచేస్తుంది. అందుకే "ఆన్ అవుతోందిగా, కదిలించడం ఎందుకు" అనే వాదన నేను ఒప్పుకోను.

డబ్బా మూత తీసి చూస్తే అనుకున్నట్టే ఉంది, పెద్ద కెపాసిటర్ మీద సన్నటి పగుళ్లు అటూ ఇటూ పాకి ఉన్నాయి. ఈ పనిలో టెన్షన్ పెట్టేది ఒక్కటే: లోపలి పెద్ద ఎలక్ట్రోలిటిక్‌లో (ద్రవం ఉండే రకం కెపాసిటర్‌లో) మెషీను పని చేసేటప్పుడు 320 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు అది మిగిలి ఉండొచ్చు. ఫిజిక్స్ మాస్టారు బోర్డు మీద చెప్పిన 'నిల్వ ఉన్న చార్జి' అంటే ఇదే, వేలు పెడితే పాఠం వెంటనే అర్థమవుతుంది. మీటరు పెట్టి చూసి, రెసిస్టర్‌తో దాన్ని డిశ్చార్జ్ చేసి, మళ్లీ మీటరు పెట్టి చూశాకే చెయ్యి వేశాను.

రీఫాల బదులు కరెంటు లైను మీద నేరుగా పెట్టడానికే చేసిన ఎక్స్2 రకం ఫిల్మ్ కెపాసిటర్లు వేశాను, 275 వోల్టుల ఏసీవి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళితే దొరుకుతాయి. మైక్రోఫారడ్లు సరిపోయాయి కదా అని మామూలు డీసీ కెపాసిటర్ అంటగట్టే షాపులు ఉంటాయి, ఒంటి మీద ఎక్స్2 అని రాసుంటేనే తీసుకోండి. వాటితోపాటు 220 మైక్రోఫారడ్ల చిన్న ఎలక్ట్రోలిటిక్ కూడా మార్చాను. అందులో ద్రవం ఎండిపోతే సప్లై అసలు స్టార్టే కాదు. కొత్తది 105 డిగ్రీల వేడి తట్టుకునేది, లోపలి నిరోధం తక్కువుండే లో-ఈఎస్ఆర్ రకం. మైనస్ గీత ఏ వైపు ఉందో పాతది పీకకముందే ఫొటో తీసుకోవాలి, ఇది వెనకముందులైతే పేలేది కొత్తదే.

బోర్డుకు తగిలించే ముందు సప్లైని విడిగా, సిరీస్ బల్బుతో, అంటే కరెంటు దారి మధ్యలో బల్బు పెట్టి, ఆన్ చేశాం. షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలిగిపోతుంది, లేకపోతే ఒక్కసారి మెరిసి తగ్గుతుంది. ఈ ఎల్ఈడీల కాలంలో 100 వాట్ల ఫిలమెంటు బల్బు సంపాదించడమే అసలు పని అయింది! సప్లై బయటికిచ్చే 5 వోల్టుల వైపు లోడు (కరెంటు వాడుకునేది) లేకుండా ఉంచకూడదని కారు బ్రేక్‌లైట్ బల్బు కట్టాను. అది ఎర్రగా, మసగ్గా వెలిగింది, మీటరు 5కి కాస్త పైన నిలబడింది. అప్పుడు బోర్డు వైర్లు తగిలించాం. బూ... బీప్! స్క్రీన్ మీద 'బీబీసీ కంప్యూటర్ 32కె', కింద 'బేసిక్', దాని కింద మనం గంటలు గంటలు చూసిన ఆ బాణం గుర్తు. ముగ్గురం ఒకేసారి కీబోర్డు మీద పడ్డాం, ఇప్పుడు క్లాస్ ఫస్ట్ వాడిని ఎవడూ లెక్కచేయలేదు.

మిగతా మెషీన్లు ఇంకా బెంచీల కిందే ఉన్నాయి, వాటి ప్లగ్గులకు 'కరెంటు ఇవ్వొద్దు' అని కాగితం కట్టి వచ్చాను. కలిసే రోజుకు ముందే ఊరికి చేరేవాళ్లు సోల్డరింగ్ ఐరన్ ఉంటే తెచ్చుకోండి, కెపాసిటర్లు నా దగ్గరున్నాయి.