పులికాట్ మీద కదిలే వెలుగు

నెల్లూరులో పొద్దున రైలెక్కి, శ్రీహరికోట దారిలో సూళ్లూరుపేటలో దిగాం. 2022లో ఆ ఊరు తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, నెల్లూరోళ్లకి శ్రీహరికోట ఇప్పటికీ మనదే. 1971లో అక్కడ మొదట ఎగిరినవి రోహిణి-125లు, పై గాలిని కొలిచే చిన్న రాకెట్లు.

ఆ జాతి రాకెట్ తలచుకుంటే నాకు ఫ్రాంక్ మలీనా గుర్తొస్తాడు. 1945లో అమెరికాలో ఎగిరిన వాక్ కార్పొరల్ అనే రాకెట్ వెనక ఉన్న ఇంజనీరు ఆయనే. తర్వాత పారిస్‌లో యునెస్కోలో చేరాడు. 1953లో అదీ వదిలేసి పూర్తిగా చిత్రకళలోకి దిగాడు. మొదట తీగ జాలీలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు, ఆపైన కరెంటు దీపాలు పట్టుకున్నాడు. దీపాల ముందు రంగుల చక్రం తిప్పి, కదలని పలక మీదుగా తెర మీద బొమ్మని కదిలించే ఆ పద్ధతికి లూమిడైన్ అని పేరు పెట్టాడు.

పులికాట్ మీది రోడ్డులో ఆటో ఆపించి నీళ్లలోకి వంగి చూశాం. జానెడు లోతు. అడుగున ఇసుక చాళ్లు కదలవు, వాటి మీద వెలుగు గీతలు వలలా జారుతున్నాయి. కదలనిదాని మీద కదిలేది: లూమిడైన్ కిటుకు అంతా ఇదే.

తిరిగొచ్చి, మేమూ ఒక లూమిడైన్ చేద్దామని నెల్లూరులో సామాను కొన్నాం. వెనక దీపాలు, వాటి ముందు తిరిగే చక్రం, దాని ముందు కదలని పలక, అన్నిటికంటే ముందు పాలరంగు అక్రిలిక్ తెర. చక్రానికి 3 మి.మీ. పారదర్శక అక్రిలిక్, 30 సెం.మీ. వెడల్పు. చక్రం మీదా పలక మీదా రంగులకి గ్లాస్ పెయింటే వాడాలి, మామూలు ఎనామిల్ వెలుగును ఆపేస్తుంది. దీపాలకీ చక్రానికీ మధ్య 8 సెం.మీ. వదలండి, లేకపోతే ఎల్ఈడీ చుక్కలు లెక్కపెట్టేలా కనబడతాయి. పలకకీ తెరకీ మధ్య దూరం మీదే అందమంతా ఉంది. ఆనించి పెడితే అంచులు కత్తిరించినట్టుంటాయి, 4 సెం.మీ. జరిపితే రంగులు ఒకదాన్లోకి ఒకటి కరుగుతాయి.

మోటారుకి కూలర్ రెక్కలు ఊపే సింక్రనస్ మోటారు చాలు. మైక్రోవేవ్ పళ్లెం తిప్పేది తెచ్చుకుంటే మీద రాసిన వోల్టేజీ చదవండి: కొన్ని 21 వోల్టులవి, 230కి కలిపితే కాలిపోతాయి. చక్రం నడిమి బెజ్జం మిల్లీమీటరు పక్కకి పోయినా ఊగుతుంది, పలకని గీకుతుంది.

ఈ మోటారు స్విచ్ వేసినప్పుడల్లా ఏ వైపు తిరుగుతుందో చెప్పలేం. దాన్ని సరిచేయకండి. అదే చక్రం, అదే పలక, ఎడమకి తిరిగితే ఒక బొమ్మ, కుడికి తిరిగితే ఇంకో బొమ్మ.