డబుల్ నీడిల్ కొనేముందు గేజ్ తేల్చుకోండి

చిత్తూరులో సీట్ కవర్ల పనిలోకి ఈమధ్యే దిగిన తమ్ముడొకడు ఫోన్ చేసి "అన్నా, డబుల్ నీడిల్ మెషిన్ తీసుకుందామనుకుంటున్నా, ఏ కంపెనీ తీసుకోమంటావ్?" అన్నాడు. కంపెనీ సంగతి తర్వాత, నీ దగ్గర మంచి సింగిల్ నీడిల్ వాకింగ్ ఫుట్, అంటే బట్టని పైనుంచి నొక్కే ఫుట్ కూడా దానితో పాటే జరిగే ఒంటి సూది మెషిన్, ఉందా అని అడిగా. లేదంట, బట్టలు కుట్టే మెషిన్ మీదే రెక్సిన్ లాగిస్తున్నాడంట. అయితే ముందు అది కొనుక్కోరా నాయనా అన్నా. ఇదే ప్రశ్న ఇంకా కొందరు అడిగారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా.

డబుల్ నీడిల్, అంటే రెండు సూదులుండే కుట్టు మెషిన్, ప్రధానంగా ఒక్క పనికి. రెండు ప్యానెళ్ళు జాయింట్ చేసి, లోపలి అంచుల్ని చెరోవైపు మడిచి, కింద టేపు పెట్టి, పైనుంచి జాయింట్‌కి అటూ ఇటూ సమానంగా రెండు లైన్లు వేస్తాం చూడండి, ఫ్రెంచ్ సీమ్ అంటారే, దానికి. పైపింగ్, జిప్పు, వెల్‌క్రో, ఎలాస్టిక్, మామూలు జాయింట్లు అన్నీ సింగిల్ మీదే. రెండు లైన్లు కూడా సింగిల్ మీద విడివిడిగా వేసుకోవచ్చు, కాకపోతే చెయ్యి కాస్త వణికితే ఇన్నోవా సీటు మధ్యలో అది ఎవరికైనా కనిపిస్తుంది. అలాంటి పని వారం వారం వస్తుంటేనే డబ్బులు పెట్టండి.

ఇక గేజ్, అంటే రెండు సూదుల మధ్య దూరం. డీలర్ దగ్గర ఏది స్టాకుంటే అది అంటగడతాడు. కార్ సీట్లకి నా ఓటు పావు అంగుళానికే, అంటే 6.4 మి.మీ. జాయింట్‌కి రెండు వైపులా మూడు మిల్లీమీటర్ల చొప్పున లైన్ పడుతుంది, కంపెనీ సీటులా నీటుగా ఉంటుంది. 9.5 మి.మీ. కూడా బాగానే ఉంటుంది గానీ వంపుల దగ్గర ఏడిపిస్తుంది. రెండు సూదులూ కలిసే కదులుతాయి కాబట్టి వంపులో లోపలి లైన్ కుట్టు పొట్టిగా, బయటిది పొడుగ్గా పడుతుంది, గేజ్ పెరిగేకొద్దీ ఆ తేడా కంటికి కొడుతుంది. చదరపు మూల తిరగాలంటే ఒక సూదిని ఆపేసే స్ప్లిట్ బార్ మెషిన్ కావాలి. సీటు పనికి దాని అవసరం పెద్దగా రాదు, ఆ డబ్బు మిగుల్చుకోండి.

"తర్వాత గేజ్ మార్చుకోవచ్చులే సార్" అంటారు. మార్చుకోవచ్చు, నిజమే. సూది క్లాంప్, ప్లేటు, బట్టని కిందనుంచి జరిపే పళ్ళు, ఫుట్లు అన్నీ సెట్టుగా కొనాలి, కింద సూది దారాన్ని పట్టుకునే రెండు హుక్కుల్నీ జరిపి మళ్ళీ టైమింగ్ పెట్టించాలి. ఆ పని తెలిసిన మెకానిక్ తిరుపతిలో దొరికి, చెప్పిన రోజుకి రావాలి కదా.

గేజ్ తర్వాత చూడాల్సింది ఫీడ్, అంటే మెషిన్ బట్టని జరిపే పద్ధతి. జీన్స్ కుట్టే డబుల్ నీడిల్ కాస్త చవగ్గా వస్తుంది, దాన్ని చూసి టెంప్ట్ అవ్వకండి. దాంట్లో సూదీ పళ్ళూ మాత్రమే బట్టని జరుపుతాయి, పై ఫుట్ నొక్కి పెట్టి ఊరుకుంటుంది. రెక్సిన్ ఆ ఫుట్‌కి అతుక్కుని వెనకబడిపోతుంది. మనకి కావాల్సింది సూది, లోపలి ఫుట్, పళ్ళు మూడూ ఒకేసారి జరిగేది. జుకీ ఎల్‌యూ-1560 ఈ రకమే, అదే నంబరు పెట్టుకుని చైనా మెషిన్లు కూడా వస్తున్నాయి. కింది దారం చుట్టే బాబిన్లు పెద్దవి, పైనుంచే వేసుకోవచ్చు, కుట్టు 9 మి.మీ. దాకా పెంచుకోవచ్చు.

షోరూంలో వాళ్ళిచ్చే గుడ్డముక్క మీద కుట్టి చూస్తే ఏమీ తెలియదు. మీ రెక్సిన్, మీ ఫోమ్, మీ దారం సంచిలో వేసుకుని వెళ్ళండి. సమానంగా కోసిన, ఒక్కోటి మీటరు పొడవుండే పట్టీలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, చేత్తో లాగకుండా చివరిదాకా కుట్టండి. చివర్లో పై పట్టీ పొడుగ్గా మిగిలితే ఫీడ్ సరిగా లేనట్టే. తర్వాత రెండు జాయింట్లు అడ్డంగా కలిసే చోటు, ఏడెనిమిది పొరలు లేచి గుట్టలా ఉంటుందే, దాని మీద నెమ్మదిగా ఎక్కించండి. గుట్ట ఎక్కేటప్పుడు కుట్టు చిన్నదైపోతోందా, దిగేటప్పుడు ఒక సూది కుట్టు వదిలేస్తోందా చూడండి. అయ్యాక తిరగేసి అడుగు చూడండి. రెండు బాబిన్ల టెన్షన్ ఒకేలా లేకపోతే ఒక లైన్ బిగుసుకుని, ఇంకోటి దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంది.

సెకండ్ హ్యాండ్ కావాలంటే చిత్తూరు దాటితే రాణిపేట, ఇంకా ముందుకెళ్తే ఆంబూరు, తోలు ఫ్యాక్టరీల ఊళ్ళు కదా, అటు విచారించండి. కానీ ఫ్యాక్టరీ మెషిన్ అంటే రాత్రీ పగలూ తిరిగినదై ఉండొచ్చు. చక్రం చేత్తో తిప్పుతూ హుక్కుల మొనలు అరిగాయా, సూది బార్ అటూ ఇటూ ఆడుతోందా చూసుకోవాలి.

క్లచ్ మోటార్‌తో ఇస్తానంటే వద్దనండి. కుట్టకపోయినా గుయ్యిమంటూ తిరుగుతూనే ఉంటుంది, స్పీడు చేతిలో ఉండదు. ఫ్రెంచ్ సీమ్ ఒక్కో కుట్టూ వేసుకుంటూ పోవాల్సిన పని, దానికి సర్వో మోటారే.

దారం విషయంలో మన ఊరి ఎండని లెక్కలో వేసుకోండి. అలిపిరి దగ్గర బండి ఆపి భక్తులు కొండెక్కితే మళ్ళీ దిగేదాకా అది ఎండలోనే. నైలాన్ గట్టిదే గానీ ఎండకి బాండెడ్, అంటే పోగులు విడిపోకుండా పూత వేసిన, పాలిస్టరే ఎక్కువ కాలం ఆగుతుంది. 138 నంబరు దారానికి 22 లేదా 23 సైజు సూది వాడుతున్నా. 1560కి 135×17 రకం సూదులు, కొనేటప్పుడే పెట్టెలు పెట్టెలు తెచ్చుకోండి, ఇక్కడ అడిగినప్పుడల్లా దొరకవు.

ఇంకోటి, ఈమధ్య చాలా కార్లకి సీటు పక్కనే ఎయిర్‌బ్యాగ్ ఉంటోంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు కనిపిస్తే ఆ జాయింట్ మీద డబుల్ కుట్టు వేయొద్దు. అక్కడ కుట్టు తెగి బ్యాగ్ బయటికి రావాలి, అందుకే కంపెనీ వాళ్ళు దానికి వేరే దారం వాడతారు. కస్టమర్ "మొత్తం ఒకేలా కనిపించాలి స్వామీ" అని బతిమాలినా సరే, ఆ పక్క ఓపెన్‌గా వదిలేసిన కవరే ఇస్తున్నా.