వెయ్యి గజాల అవతల ఇనుప పలక: నా అనుభవం

అమెరికాలో తుపాకీ కొనడం ఫోన్ కొన్నంత తేలికని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. హెచ్-1బి మీద ఉండి, దూరపు గురి నేర్చుకోవాలనుకున్న నాలాంటివాడికి అంత తేలిక కాదు. అలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. తుపాకీ సాధన చేసే రేంజికి వెళ్లి అద్దె తుపాకీతో నాలుగు రౌండ్లు కాల్చడం కూడా దాని కిందికే వస్తుంది. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి గానీ, మనలాంటివాళ్లకు పనికొచ్చేది ఒక్కటే, వేట లైసెన్సు. డాలస్ చుట్టుపక్కల కుర్రాళ్లు వీకెండ్ రేంజికి వెళ్లి ఫొటోలు పెడుతుంటారు. వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

టెక్సస్‌లో వేట లైసెన్సు తీసుకుని వేటకు వెళ్లాలంటే, 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చదవాలి. పెద్దవాళ్లకు ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. రాత్రి అన్నం తిన్నాక ల్యాప్‌టాప్‌లో జింక బొమ్మ పెట్టుకుని, గుండె ఎక్కడుంటుంది, ఊపిరితిత్తులు ఎక్కడుంటాయి అని చదువుతుంటే మా ఆవిడ వచ్చి, "ఏంటండీ ఇది? కోడిని కోయించాలంటేనే షాపు బయట నిలబడతారు కదా మీరు!" అంది. లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. మళ్లీ తీసుకోకపోతే, వీసా మారనంతవరకు, ఇంట్లో ఉన్న రైఫిలు నేరమైపోతుంది. అందుకే ఫోన్‌లో ఆ తేదీకి అలారం పెట్టుకున్నాను.

అసలు నాకు ఈ పిచ్చి 2023 నవంబరులో పట్టింది. ఉక్రెయిన్ భద్రతా సంస్థ స్నైపర్ ఒకాయన 3,800 మీటర్ల దూరం నుంచి రష్యా సైనికుణ్ణి కొట్టాడని వార్త వచ్చింది. కొన్నాళ్లకు పేరు కూడా బయటికొచ్చింది: వ్యాచెస్లావ్ కొవాల్‌స్కీ, 58 ఏళ్లు, యుద్ధానికి ముందు వ్యాపారం చేసుకునేవాడు, దూరపు గురి పోటీల్లో పాల్గొన్న అనుభవం ఉంది. తూటా గాల్లో తొమ్మిది సెకన్లు ఉందట. మా బంధువుల గ్రూపులో ఒకడు "వరల్డ్ రికార్డు" అని చప్పట్ల బొమ్మలు పెట్టాడు. ఇంకొకడు "అంతా గ్రాఫిక్స్" అని తేల్చేశాడు. ఆ రంగంలోనివాళ్లు కూడా కొందరు అది నిజమేనా అని అనుమానపడ్డారు. నేను మెకానికల్ ఇంజినీర్ని. కాగితం మీద లెక్క కుదిరింది, నమ్మకం మాత్రం కుదరలేదు. చేత్తో చేసి చూడాలనిపించింది.

లైసెన్సు చేతికొచ్చాక లాంగ్ రేంజ్ క్లాసులో చేరాను. నేర్పేది మెరైన్స్‌లో పనిచేసి వచ్చిన మనిషి, మాట తక్కువ. మొదటి పూటంతా బోర్డూ సుద్దముక్కే. మిల్ అనే కోణం కొలత అంటే ఏంటో అక్కడ బుర్రకెక్కింది: వెయ్యి మీటర్ల దూరంలో ఒక మిల్ అంటే ఒక మీటరు, వెయ్యి గజాల దగ్గరైతే ఒక గజం. స్కోపు మీది నాబ్ ఒక క్లిక్కు తిప్పితే మిల్‌లో పదో వంతు జరుగుతుంది. వంద గజాల దగ్గర సరిగ్గా తగిలేలా గురి సరిచేసిన (దీన్నే జీరో చేయడం అంటారు) 6.5 క్రీడ్‌మోర్ తూటా వాడే రైఫిలుతో వెయ్యి గజాలకు కొట్టాలంటే ఎనిమిదిన్నర మిల్స్ దాకా పైకి తిప్పాలి. అంటే తూటా అక్కడికి వెళ్లేసరికి గురిగీత కంటే పాతికడుగులు కిందికి దిగిపోతోందన్నమాట. ఇది గురుత్వాకర్షణ పని, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి పెద్ద టెన్షన్ లేదు. తూటా వేగం కొలిచి, గాలి సాంద్రత వేసి, యాప్‌లో పెడితే చెప్పేస్తుంది.

టెన్షనంతా గాలితోనే. అడ్డంగా గంటకు పది మైళ్ల గాలి వీస్తే ఆ దూరంలో తూటా దాదాపు ఆరడుగులు పక్కకు కొట్టుకుపోతుంది. పది మైళ్లంటే పెద్ద గాలేం కాదు, ఆకులు బాగా కదిలే గాలి. పైగా మన దగ్గర వీచే గాలి ఒకటి, మధ్యలో ఉన్న వాగు మీద వీచేది ఇంకొకటి, గురిగా పెట్టిన ఇనుప పలక దగ్గరిది మరొకటి. చేతిలో గాలి మీటరు చెప్పేది మన ముక్కు ముందున్న గాలి సంగతే. మిగతాది గడ్డి చూసి, మిరాజ్ చూసి ఊహించాలి. ఎండాకాలం తారురోడ్డు మీద నీళ్లున్నట్టు కనిపిస్తుందే, ఆ ఎండమావే. స్పాటింగ్ స్కోపులో చూస్తే అది ఏటి నీళ్లలా ఒక పక్కకు పారుతూ కనిపిస్తుంది. గాలి బాగా పెరిగితే చదునుగా పరుగెడుతుంది, గాలి లేకపోతే నిట్టనిలువుగా ఉడుకుతుంది. దాన్ని చదవగలిగినవాడే అక్కడ మొనగాడు.

ఆ చదివేవాడు ట్రిగ్గర్ నొక్కేవాడు కాదు, పక్కన పడుకున్న స్పాటర్. ఈ సంగతి వార్తల్లో రెండో పేరాలో గానీ రాదు. చాప మీద బోర్లా పడుకుని, రైఫిలు బట్ (వెనక కొన) కింద ఇసుక సంచి నలుపుతూ నేను చూసేదల్లా క్రాస్‌హెయిర్, అంటే స్కోపులో గురి చూపే అడ్డం నిలువు గీతలు. "ఎడమకు ఒకటిన్నర పట్టు... ఆగు... ఆగు... సెండ్ ఇట్" అని పక్కనుంచి వినపడగానే సగం ఊపిరి వదిలి నొక్కడమే. తూటా గాలిని చీల్చుకుంటూ పోయే ఛాయ వెనకనుంచి స్పాటర్‌కి కనిపిస్తుంది, దాన్ని ట్రేస్ అంటారు. "కుడికి పోయింది, ఇంకో అర మిల్" అంటాడు. మట్టి ఎక్కడ లేచిందో చూసి సరిచేయడమే పని. మొదటిసారి తగిలినప్పుడు నాకు వెంటనే తెలియలేదు. తూటా వెళ్లడానికి సెకనున్నర, మోత తిరిగి రావడానికి రెండున్నర సెకన్లకు పైనే. తగల్లేదనుకుని తర్వాతి తూటా కోసం బోల్టు లాగాను, అప్పుడు "టంగ్" మని వినిపించింది.

అక్కణ్ణుంచి పాత వార్తలన్నీ మళ్లీ చదివాను. బ్రిటిష్ సైనికుడు క్రెయిగ్ హారిసన్ 2009 నవంబరులో అఫ్గానిస్తాన్‌లోని మూసా ఖలా దగ్గర 2,475 మీటర్ల నుంచి ఇద్దరు మెషిన్‌గన్నర్లను కొట్టాడు. అప్పట్లో అదే రికార్డు. దానికి ముందు దూరం పట్టుకోవడానికే తొమ్మిది తూటాల దాకా కాల్చారు. గాలి లేదు, వాతావరణం నిర్మలంగా ఉంది. దానికి ముందు రికార్డు 2002లో అదే దేశంలో కెనడా సైనికుడు రాబ్ ఫర్లాంగ్‌ది, 2,430 మీటర్లు. మొదటిది పక్కకు పోయింది, రెండోది వీపు సంచికి తగిలింది, మూడోదే మనిషికి తగిలింది. ఇవి చదివితే వాళ్ల మీద గౌరవం తగ్గదు. కానీ "ఒకే ఒక్క తూటా" అనే సినిమా ఊహ మాత్రం చెరిగిపోతుంది.

2017లో ఇరాక్‌లో కెనడా ప్రత్యేక దళం జేటీఎఫ్2 స్నైపర్‌ది 3,540 మీటర్లు. తూటాకు పది సెకన్లకు కాస్త తక్కువ పట్టింది. ఆ టైములో మామూలుగా నడిచే మనిషి పదీ పన్నెండు మీటర్లు జరిగిపోతాడు. ఉత్సాహం కొద్దీ భూభ్రమణం వల్ల వచ్చే పక్కజరుగుడు లెక్క కట్టాను. నా పలక దగ్గర అది రెండు మూడు అంగుళాలు, ఎవడికీ పట్టదు. ఇరాక్ అక్షాంశంలో ఆ దూరానికి మీటరు దాటింది.

ఆ వార్తకు కెనడాలో వచ్చిన స్పందనే అన్నిటికంటే పనికొచ్చేదని నా అభిప్రాయం. అప్పటి ప్రధాని ట్రూడో సైనికుల శిక్షణను మెచ్చుకున్నాడు. ఎన్‌డీపీ అనే పార్టీకి అప్పటి నాయకుడు టామ్ మల్‌కేర్ మాత్రం దూరం సంగతి పక్కనపెట్టి, మనవాళ్లు అక్కడికి వెళ్లింది సలహా, శిక్షణ ఇవ్వడానికని చెప్పారు కదా, మరి ఇదేంటి అని అడిగాడు. కాల్చినవాడి పేరును సైన్యం బయటపెట్టలేదు. హారిసన్ పేరు 2010లో పత్రికల్లోకి ఎక్కేసరికి అతని కుటుంబం భయంతో ఇల్లు మారాల్సి వచ్చింది.

మా అమ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపిన ఊరు. మావయ్య సుబేదారుగా రిటైరయ్యారు. నా పలక ఫొటో చూసి నవ్వి, "బాగానే కొట్టావు గానీ, మేం రెండో పక్కనుండేవాళ్లంరా" అన్నారు. పాకిస్తాన్‌తో 2003 కాల్పుల విరమణకు ముందు ఎల్‌ఓసీ (నియంత్రణ రేఖ) పోస్టులో ఉన్నారాయన. పగలు కందకం దాటి తల పైకి లేపడం ఉండేది కాదట. కాలకృత్యాలకు కూడా చీకటిదాకా ఆగేవాళ్లట. "మన ద్రగునోవ్ రైఫిలు ఎనిమిది వందల మీటర్లకే గొప్పనేవాళ్లం. ఆ దూరానికే మాకు అన్నం సయించేది కాదు. మూడు వేలంట! ఎక్కడ దాక్కుంటారా మనిషి?" అన్నారు.

2025 ఆగస్టులో మళ్లీ ఉక్రెయిన్ నుంచే 4,000 మీటర్ల వార్త వచ్చింది. ఈసారి గ్రూపులో అందరూ నన్నే అడిగారు, నిజమేనా అని. ఎన్ని తూటాలు పోయాయి, గాలి ఎవరు చదివారు, తగిలినట్టు ఎవరు చూశారు అని తిరిగి అడిగాను. జవాబుగా చప్పట్ల బొమ్మలే వచ్చాయి. మావయ్య మాత్రం రాత్రి ఫోన్ చేసి, "ఏరా, అంత దూరం నుంచి చూసినోడికి అవతలోడి చేతిలో ఉన్నది తుపాకో పారో తెలుస్తుందంటావా?" అని అడిగారు. వెయ్యి గజాల దగ్గర, మధ్యాహ్నం ఎండలో, పలక మీది తెల్లరంగు ఎక్కడ చెరిగిందో కూడా నాకు కనిపించదు మావయ్యా అన్నాను.